కిటికీ మొక్కకు ఒక సేద్యం, పెరటి మొక్కకు ఇంకో సేద్యం

ప్రశ్న: మందులు, రసాయన ఎరువులు లేకుండా ఇంటికి కావలసిన ఆకుకూరలు, కూరగాయలు పెంచుకోవాలని ఈ ఏడాది మొదలుపెట్టాను. వంటగది కిటికీ దగ్గర కుండీల్లో కొత్తిమీర, పుదీనా, బేసిల్, ఒక టమాటా మొక్క ఉన్నాయి. ఇంటి వెనక చిన్న మడిలో వంగ, కీర దోస, క్యాబేజీ వేశాను. కిటికీ దగ్గరి మొక్కలు సన్నగా సాగి వాలిపోతున్నాయి. టమాటా పూస్తోంది కానీ కాయ నిలవడం లేదు. కుండీల చుట్టూ చిన్న నల్ల ఈగలు. బయటేమో క్యాబేజీ ఆకుల నిండా చిల్లులు, దోస పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతున్నాయి. వర్మీకంపోస్ట్ వేస్తున్నాను, గుడ్డు పెంకులు వేస్తున్నాను, అరటితొక్క నానబెట్టిన నీళ్లు పోస్తున్నాను, వారానికి రెండుసార్లు వేపనూనె కొడుతున్నాను. ఇంకేం వేయాలి? అసలు ఇంట్లో సేంద్రియంగా పెంచడం సాధ్యమేనా? పొగాకు కషాయం కొడితే పురుగంతా పోతుందని తెలిసినవాళ్లు చెబుతున్నారు. కొట్టమంటారా?

సమాధానం: చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే అది ఆలస్యం చేయకూడని విషయం. పొగాకు కషాయం కొట్టకండి. పొగాకులో ఉండే నికోటిన్ మనుషులకు కూడా గట్టి విషం, చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. రేపో ఎల్లుండో కోసుకుని తినే కొత్తిమీర మీద, అదీ వంటగదిలో, దాన్ని చల్లడం ప్రమాదం. పైగా పొగాకు, టమాటా, వంగ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఎండిన పొగాకులో కూడా చెడకుండా ఉండే, ఆకుల మీద మచ్చలు తెచ్చే మొజాయిక్ వైరస్ ఆ కషాయంతో పాటు మీ టమాటాకు అంటుకోవచ్చు. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో, ప్రకృతిలో దొరికేవే అయినా వాడకూడని వాటికి ఒక జాబితా ఉంది. పొగాకు పొడి అందులో ఉంది. మొక్క నుంచి వచ్చింది కాబట్టి హాని చేయదనే నమ్మకాన్ని మీరు మొదట్లోనే వదిలేస్తే చాలా పొరపాట్లు తప్పుతాయి.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘ఇంకేం వేయాలి?’ అన్నది. వేయాల్సినవన్నీ మీరు వేశారు, కొన్ని ఎక్కువే వేశారు. మీరు చెప్పిన ఇబ్బందుల్లో తిండి చాలక వచ్చింది ఒక్కటీ నాకు కనిపించడం లేదు.

పెరట్లో మనం ఒక్కరమే సేద్యం చేయం. ఎండ పడుతుంది. గాలి కాండాన్ని ఊపి గట్టిపరుస్తుంది. వానపాములు మట్టిని గుల్ల చేస్తాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఎరువును కరిగించి వేరు తీసుకోగల రూపంలోకి మారుస్తాయి. తేనెటీగలు పుప్పొడి మోస్తాయి, అక్షింతల పురుగులు పేనుబంకను తినేస్తాయి. మన వంతు వాటికి తిండి పెట్టడం, వాటి పనికి అడ్డం రాకుండా ఉండడం. అదే కిటికీ దగ్గరికి వచ్చేసరికి వీళ్లెవరూ ఉండరు. ఆ పనులన్నీ మీ చేతుల మీదుగానే జరగాలి. అందుకే బయట కాస్త చేయి వెనక్కి తీసుకోవాలి, లోపల చేయి ముందుకు పెట్టాలి. మీరు రెండు చోట్లా ఒకే పద్ధతిలో వెళ్తున్నారు: వేయడం, పోయడం, కొట్టడం. చిక్కంతా అక్కడే వచ్చింది.

లోపల మొట్టమొదటి లోటు వెలుతురు. మన కన్ను ఎంత వెలుగుకైనా ఇట్టే సర్దుకుంటుంది కాబట్టి గది మనకు బాగానే వెలుగ్గా కనిపిస్తుంది. కొలిస్తే తేడా తెలుస్తుంది. మబ్బు లేని మధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, గది మధ్యలో చాలాసార్లు 500 లక్స్ కూడా ఉండదు. నేరుగా ఎండ పడని వేళ కిటికీని ఆనుకుని కొన్ని వేల లక్స్ దొరకవచ్చు. అక్కడి నుంచి రెండు మీటర్లు వెనక్కి జరిగితే అందులో కొద్ది భాగమే మిగులుతుంది. ఆ కాస్త వెలుతురు కోసమే మీ మొక్కలు సన్నగా సాగుతున్నాయి. ఆకుకు ఆకుకు మధ్య కణుపులు దూరమవడం, కాండం పాలిపోవడం, మొక్కంతా కిటికీ వైపు వంగడం, ఇవన్నీ వెలుతురు చాలడం లేదనే చెబుతాయి. ఇలాంటి మొక్కకు ఎరువు వేస్తే మేలు జరగకపోగా కాండం ఇంకా మెత్తబడుతుంది, ఆ మెత్తని కొమ్మల మీదికి పేనుబంక త్వరగా వస్తుంది.

కాబట్టి ఎరువు ఆపి ముందు వెలుతురు చూడండి. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉండేవాళ్లకు దక్షిణం వైపు కిటికీ, దక్షిణాన ఉండేవాళ్లకు ఉత్తరం వైపు కిటికీ ఎక్కువ ఎండనిస్తాయి. కుండీలను అద్దానికి వీలైనంత దగ్గరగా జరపండి, రెండు మూడు రోజులకోసారి కుండీని కాస్త తిప్పండి. ఎండ ఎన్ని గంటలు పడుతుందో ఒక సెలవు రోజు కూర్చుని గమనించండి. ఆకుకూరలకు మూడు నాలుగు గంటల నేరు ఎండ ఉంటే గడిచిపోతుంది. కాయ కాసే మొక్కలకు ఆరు నుంచి ఎనిమిది గంటలు కావాలి. అంత లేకపోతే ఒక ఎల్ఈడీ లైట్ పెట్టుకోండి. ఊదా రంగులో వెలిగే ఖరీదైన దీపమే అక్కర్లేదు, తగినంత కాంతి ఇచ్చే మామూలు తెల్లని ఎల్ఈడీ ఆకుకూరలకు సరిపోతుంది. మొక్కల తలలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో కట్టి రోజుకు 12 నుంచి 14 గంటలు వెలగనివ్వండి. లైటును సీలింగ్‌కు బిగిస్తే మనకు వెలుగు, మొక్కకు చీకటి. రాత్రంతా వెలిగించడం కూడా మంచిది కాదు, మొక్కలకూ చీకటి వేళ కావాలి.

ఏ మొక్క ఎక్కడ ఉండాలన్నది ఇప్పుడు తేల్చుకోవాలి, ఎందుకంటే సగం సేద్యం ఆ నిర్ణయంలోనే ఉంది. కొత్తిమీర, పుదీనా, పార్స్లీ, ఉల్లికాడలు, లెట్యూస్, మెంతికూర కిటికీ దగ్గర సంతోషంగా ఉంటాయి. బేసిల్ కూడా ఉంటుంది కానీ దానికి మంచి ఎండ, వెచ్చదనం రెండూ కావాలి, వేడి 10 డిగ్రీల కిందికి దిగితే ఆకులు నల్లబడతాయి. రోజ్‌మేరీ, థైమ్, ఒరెగానో లాంటివి ఎండను, పొడి మట్టిని, తక్కువ ఎరువును కోరతాయి, వాటిని పుదీనా పక్కన పెట్టి ఒకేలా నీళ్లు పోస్తే రెండిట్లో ఒకటి చచ్చిపోతుంది. టమాటా, మిరప, వంగ, దోస బయటి మొక్కలు. ఎండే రాని ఇంట్లో ఉండేవాళ్లు నిరాశపడక్కర్లేదు. మైక్రోగ్రీన్స్, అంటే మొలకెత్తిన కొద్ది రోజులకే కోసుకుని తినే లేత మొక్కలు, ఒకటి రెండు వారాల్లో కోతకు వస్తాయి, విత్తనంలో దాచుకున్న తిండే వాటికి సరిపోతుంది కాబట్టి ఎరువే వద్దు. అయితే మందు పట్టించిన విత్తనాలను వీటికి ఎప్పుడూ వాడకండి. పొలంలో విత్తడానికి అమ్మే విత్తనాలకు తరచూ తెగుళ్ల మందు పూసి ఉంటుంది. ఏ మందూ పట్టించలేదని ప్యాకెట్ మీద రాసి ఉన్నవే తీసుకోండి.

మీ నల్ల ఈగల గురించి. అవి మొక్కను తినడానికి వచ్చినవి కావు, తడి మట్టిని వెతుక్కుంటూ వచ్చాయి. తల్లి ఈగ తడి మట్టి పైపొరలో గుడ్లు పెడుతుంది, పుట్టిన పిల్ల పురుగులు అక్కడి బూజును, పూర్తిగా చివకని ఎరువును, దొరికితే లేత వేళ్లను తింటాయి. గుడ్డు నుంచి ఈగ దాకా మూడు నాలుగు వారాలు పడుతుంది. వేపనూనె ఆకుల మీద ఎంత కొట్టినా ఇవి తగ్గకపోవడానికి కారణం ఇదే, అవి ఉన్నది ఆకు మీద కాదు. పైన రెండు మూడు సెంటీమీటర్ల మట్టి ఎండే దాకా నీళ్లు పోయకండి. వేలు గుచ్చి చూడండి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు వద్దు. ఎగిరే ఈగలకు పసుపు రంగు జిగురు అట్టలు కుండీల దగ్గర గుచ్చండి. అరటితొక్క నీళ్లు పూర్తిగా మానేయండి, వాటిలో మొక్కకు అందేది తక్కువ, ఈగలకు అందేది ఎక్కువ. ఇంత చేసినా తగ్గకపోతే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా మందు దొరుకుతుంది. దాన్ని నీళ్లలో కలిపి మట్టికి పోస్తే పిల్ల పురుగులే చస్తాయి, మనకు, మొక్కలకు ఏమీ కాదు. ఏది చేసినా నెల రోజులు పట్టు వదలకండి. మట్టిలో ఉన్న గుడ్లన్నీ పొదిగి ముగియడానికి అంత సమయం కావాలి.

కుండీ మట్టి గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెరటి మట్టిని తవ్వి కుండీలో నింపితే కొన్నాళ్లకే గట్టిపడిపోతుంది. నేలలో దాన్ని గుల్ల చేసే వానపాములు, వేర్ల దారులు కుండీలో ఉండవు కదా. కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, బాగా మాగిన కంపోస్ట్ ఒక పాలు, పెర్లైట్ (తేలికైన తెల్లని గుల్ల గుళికలు) గానీ ముతక ఇసుక గానీ ఒక పాలు కలిపితే చాలామటుకు మొక్కలకు సరిపోతుంది. కోకోపీట్‌ను నానబెట్టి ఒకటి రెండుసార్లు కడగడం మరచిపోకండి, దానిలో ఉప్పు మిగిలి ఉంటుంది. దానిలో పోషకాలు దాదాపు ఉండవని కూడా గుర్తుంచుకోండి.

కుండీ అడుగున రాళ్లు వేస్తే నీళ్లు బాగా దిగుతాయని అందరూ చెబుతారు. ఇది నిజం కాదు. సన్నని మట్టిలో ఉన్న నీరు, ఆ మట్టి పూర్తిగా నానే వరకు కింద ఉన్న ముతక రాళ్లలోకి దిగదు. రాళ్ల పొర ఎంత ఎత్తు ఉంటే నిలిచిన తడి అంత ఎత్తుకు, అంటే వేర్లకు అంత దగ్గరగా వస్తుంది. అడుగున మంచి రంధ్రాలు ఉండి, మిశ్రమం కింది దాకా ఒకేలా ఉంటే చాలు. నీళ్లు పోసినప్పుడు అడుగు నుంచి బయటికి వచ్చే దాకా పోయండి, పళ్లెంలో మిగిలిన నీళ్లను పారబోయండి.

గుడ్డు పెంకులు కూడా ఇప్పట్లో పనికి రావు. మెత్తగా పొడి చేయకుండా ముక్కలుగా వేస్తే మట్టిలో అవి కరగడానికి ఏళ్లు పడుతుంది. టమాటా కాయ అడుగున నల్లగా కుళ్లితే చాలామంది కాల్షియం లోపం అనుకుని పెంకులు వేస్తారు. మట్టిలో కాల్షియం సాధారణంగా ఉంటుంది. ఒకరోజు ఎండగట్టి ఇంకోరోజు ముంచెత్తడం వల్ల అది కాయ దాకా చేరదు. నీళ్లు సమంగా పోయడమే దానికి మందు.

మరి కుండీకి తిండి ఎలా? సేంద్రియ ఎరువు నేరుగా మొక్కకు అందదు, ముందు సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టాలి. కుండీలో వాటి సంఖ్య తక్కువ, నీళ్లు పోసినప్పుడల్లా కరిగినదాంట్లో కొంత కారిపోతుంది కూడా. కాబట్టి ఒక్కసారే ఎక్కువ వేయకుండా, పెరుగుతున్న కాలంలో రెండు మూడు వారాలకోసారి పిడికెడు వర్మీకంపోస్ట్ పైపొరలో కలపండి. మొదట నింపేటప్పుడు కూడా వర్మీకంపోస్ట్ మొత్తం మిశ్రమంలో నాలుగో వంతు దాటకూడదు. పచ్చదనం తగ్గితే ఎక్కడ తగ్గిందో చూసి నిర్ణయించండి. కింది ముదురు ఆకులు ముందు పసుపు రంగుకు మారితే నత్రజని చాలకపోయి ఉండవచ్చు, ఎందుకంటే మొక్క దాన్ని పాత ఆకుల నుంచి తీసి కొత్త ఆకులకు పంపుకుంటుంది. కొత్త ఆకులు పసుపుగా వచ్చి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఈ రెండో దానికి కారణం మట్టిలో ఇనుము లేకపోవడం కంటే, మట్టిలో సున్నపు గుణం పెరగడమో వేర్లు తడిలో నానడమో అయి ఉంటుంది. నీళ్లు ఎక్కువైనా కింది ఆకులు పసుపు తిరుగుతాయి, అందుకే ఎరువు అందుకునే ముందు వేలు గుచ్చి చూడడం మానకండి.

మీ కొత్తిమీర విషయంలో ఒక ప్రత్యేకత ఉంది. మనం విత్తనం అనుకునే ధనియం నిజానికి ఒక కాయ, లోపల రెండు గింజలు ఉంటాయి. మెల్లగా నలిపి రెండుగా విడదీసి, ఒక రాత్రి నానబెట్టి విత్తితే మొలక బాగా వస్తుంది. దాని తల్లివేరు నిటారుగా దిగుతుంది కాబట్టి నారు పీకి నాటితే అలిగి పూతకు వచ్చేస్తుంది. 20 సెంటీమీటర్ల లోతు ఉన్న కుండీలో నేరుగా విత్తండి. వేడి పెరిగినా పూతకు వస్తుంది, దాన్ని ఆపలేం. అందుకని రెండు మూడు వారాలకోసారి కొంచెం కొంచెంగా విత్తుకుంటూ పోవడమే మార్గం. బేసిల్‌ది ఇంకో స్వభావం. ఆకులను కింద నుంచి ఒక్కొక్కటి గిల్లకండి, జంట ఆకులకు కాస్త పైన కొమ్మ చివరను తుంచండి. అక్కడి నుంచి రెండు కొమ్మలు లేస్తాయి. తుంచిన కొమ్మను నీళ్లలో పెడితే ఒకటి రెండు వారాల్లో వేర్లు వస్తాయి. పుదీనా నేలబారుగా పాకుతూ ఎక్కడ కణుపు తగిలితే అక్కడ వేరు వేస్తుంది. దాన్ని బయట మడిలో మాత్రం నాటకండి, మడి అంతా ఆక్రమిస్తుంది. కుండీలోనే ఉంచి, ఏడాదికోసారి పైకి తీసి, వేర్ల ముద్దను చీల్చి కొత్త మట్టిలో తిరిగి నాటండి.

ఇంట్లో పురుగు పడితే ఎందుకు అంత త్వరగా పెరుగుతుందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది. తినేవాళ్లు లేరు, కడిగే వాన లేదు. పిండినల్లి, ఎర్రనల్లి, తెల్లదోమ, పేనుబంక ఏదైనా సరే, పది కనిపించినప్పుడే కదలాలి. కొత్త మొక్క తెస్తే రెండు వారాలు మిగతావాటికి దూరంగా పెట్టండి. వారానికోసారి ఆకు తిప్పి అడుగు వైపు చూడండి. మొదటి వైద్యం నీళ్లే. కుండీ నోటికి గుడ్డ కట్టి, మొక్కను పంపు కింద వంచి ఆకుల అడుగు భాగం కడగండి. అప్పటికీ ఉంటే లీటరు నీటికి 5 నుంచి 10 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు కలిపి చల్లండి. బట్టలు ఉతికే డిటర్జెంట్ కాదు, అది ఆకును మాడుస్తుంది. ముందు ఒక ఆకు మీద చల్లి ఒక రోజు ఆగి చూడండి. సబ్బు నీళ్లు పురుగు ఒంటికి తగిలితేనే పని చేస్తాయి, ఆరాక పని చేయవు, కాబట్టి నాలుగైదు రోజులకోసారి మళ్లీ చల్లాలి.

వేపనూనెను మీరు మరీ ఎక్కువగా వాడుతున్నారు. వేపలోని అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు, దాని ఆకలిని, కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది. ఫలితం కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ లోపే మళ్లీ కొట్టడం వల్ల ఆకు రంధ్రాలు నూనెతో మూసుకుపోతాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల నూనె, అది నీళ్లలో కలవడానికి కొద్దిగా సబ్బు, కలిపిన రోజే వాడేయడం, ఎండ తగ్గాక సాయంత్రం కొట్టడం. పురుగు ఉంటేనే, వారం పది రోజుల ఎడంతో. ముందుజాగ్రత్తగా ప్రతి వారం కొట్టే అలవాటు మానేయండి.

ఈ మాట బయటి మడికి ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. మీ దోస పిందెలు రాలడానికి కారణం తిండి కాదు, పరాగ సంపర్కం జరగకపోవడమే అయి ఉంటుంది. దోసలో మగ పూలు, ఆడ పూలు విడివిడిగా పూస్తాయి. ఆడ పువ్వు వెనక చిన్న పిందె ముందే ఉంటుంది. పుప్పొడి అందకపోతే అది పసుపు తిరిగి రాలిపోతుంది. పూల మీద నూనె, సబ్బు నీళ్లు పడితే తేనెటీగలకు హాని జరుగుతుంది, పూలూ చెడతాయి. పూసే మొక్కల మీద తేనెటీగలు తిరిగే వేళ ఏదీ చల్లకండి. రెండు వారాలు అన్నీ ఆపి చూడండి. తొందరగా కాయలు కావాలంటే ఉదయం విచ్చుకున్న మగ పువ్వును తుంచి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాయండి. పరాగ సంపర్కం లేకుండానే కాసే కీర దోస రకాలు కూడా ఉన్నాయి, తేనెటీగలు రాని చోట అవి మంచివి.

మీ టమాటాది కూడా దగ్గరి సమస్యే. టమాటా పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉంటాయి, కానీ పుప్పొడి రాలడానికి పువ్వు అదరాలి. బయట గాలి, తుమ్మెదలు ఆ పని చేస్తాయి. గదిలో ఎవరూ చేయరు. మధ్యాహ్నం వేళ పూల గుత్తి కాడను వేలితో మెల్లగా కొట్టండి, బ్యాటరీతో నడిచే టూత్‌బ్రష్ ఉంటే కాడకు తాకించండి. పగలు 32 డిగ్రీలు దాటినా, రాత్రి 13 డిగ్రీల కిందికి దిగినా పూలు రాలవచ్చు, అది మీ తప్పు కాదు. అయినా సరే, ఆ మొక్క మనసు బయటే ఉంది, దాన్ని మడిలోకి మార్చమనే నా సలహా.

క్యాబేజీ విషయంలో మీరు చేయాల్సింది సులువైన పని, ఒక సన్నని వల. క్యాబేజీ మనం పూత కోసం పెంచే పంట కాదు, దానికి తేనెటీగలతో పని లేదు. నాటిన రోజు నుంచి కోసే రోజు దాకా వల కింద ఉంచవచ్చు. అంచులు మట్టితో పూడ్చండి, లేకపోతే సీతాకోకచిలుక కింద నుంచి దూరుతుంది. ఇప్పటికే చిల్లులు పడ్డ మొక్కల దగ్గర ఉదయాన్నే ఆకు అడుగున చూడండి, పసుపు గుడ్లను నలిపేయండి, గొంగళి పురుగులను ఏరేయండి. చిన్న మడికి ఇంతకంటే మంచి మందు లేదు. చాలా ఎక్కువగా ఉంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ కుర్‌స్టాకీ అనే రకం గొంగళి పురుగుల మీదే పని చేస్తుంది. ఈగలకు వాడే రకం వేరు, ఇది వేరు, కొనేటప్పుడు చూసుకోండి.

వంగ మీదో మరో మొక్క మీదో పేనుబంక కనిపిస్తే ఇంట్లోలా వెంటనే కదలకండి. అక్కడ వారం పది రోజులు ఆగండి. అక్షింతల పురుగు అందంగా ఉంటుంది కానీ దాని పిల్ల నల్లగా, ముళ్లతో, నారింజ మచ్చలతో చూడగానే హానికరమైన పురుగులా కనిపిస్తుంది, చాలామంది దాన్నే ముందు నలిపేస్తారు. ఒక్కో పిల్ల ఎదిగేలోపు వందల పేనుబంకను తింటుంది. మీరు పేనుబంకనంతా కడిగేస్తే అది రాదు, వచ్చినా ఆకలికి వెళ్లిపోతుంది. కొంత పురుగును ఓర్చుకోవడం సేంద్రియ సేద్యంలో తప్పనిసరి భాగం. మడి గట్ల మీద కొత్తిమీరను, సోంపును పూతకు వదిలేయండి, వాటి చిన్న పూల తేనె కోసం మేలు చేసే కీటకాలు చాలా వస్తాయి. బంతి మొక్కలు నాటితే పురుగులన్నీ పోతాయని అంటారు. బంతి వేర్లు, మొక్కల వేళ్లకు పట్టే కొన్ని రకాల నులిపురుగులను తగ్గించేది నిజమే, కానీ ఒకటి రెండు మొక్కలతో కాదు, మడి అంతా ఒక పంటగా వేసినప్పుడు.

బయటి మట్టికి మీరు చేయగలిగిన గొప్ప మేలు దాన్ని కప్పి ఉంచడం. ఎండుటాకులో గడ్డో 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన పరవండి, మొక్క మొదలుకు మాత్రం తగలనివ్వకండి. తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది, వానపాములు పైకి వస్తాయి. ఏడాదికి ఒకసారి రెండు మూడు సెంటీమీటర్ల కంపోస్ట్ పైన పరిస్తే చాలు, తిరగేసి తవ్వక్కర్లేదు. కంపోస్ట్ మీరే చేసుకోండి: పచ్చి చెత్త ఒక పాలు, ఎండుటాకులు రెండు మూడు పాళ్లు, పిండిన స్పాంజిలో ఉన్నంత తడి. కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మీటరు చొప్పున ఉంటే లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. ఆ వేడిలోకి కుప్పంతా వచ్చేలా అప్పుడప్పుడు తిరగేస్తే కలుపు విత్తనాలు, చాలా తెగుళ్లు చస్తాయి. దుర్వాసన వస్తే ఎండుటాకులు కలపండి. మట్టి వాసన వచ్చి, వేసినదేదీ గుర్తుపట్టలేని స్థితికి చేరాకే వాడండి.

పశువుల ఎరువు విషయంలో రెండు జాగ్రత్తలు. పచ్చి పేడలో రోగకారక క్రిములు ఉంటాయి. తినే భాగం నేలకు తగిలే పంటకైతే కోతకు 120 రోజుల ముందు, మిగతా వాటికి 90 రోజుల ముందు పచ్చి పేడను మట్టిలో కలిపి ఉండాలని అమెరికా సేంద్రియ నిబంధన చెబుతుంది. ఇంటి మడికి పూర్తిగా చివికిన ఎరువునే వాడితే ఈ లెక్కలే అక్కర్లేదు. రెండోది చాలామందికి తెలియదు. కలుపు మందు కొట్టిన గడ్డి తిన్న పశువుల పేడలో కొన్ని రకాల మందులు కంపోస్ట్ అయ్యాక కూడా మిగిలి ఉంటాయి. అది వేసిన చోట టమాటా, చిక్కుడు ఆకులు మెలికలు తిరిగిపోతాయి. బయటి నుంచి తెచ్చిన ఎరువును ముందు ఒక చిన్న కుండీలో వేసి నాలుగు చిక్కుడు గింజలు నాటి, మూడు వారాలు చూడండి. ఆకులు చక్కగా విచ్చుకుంటే మడిలో వేయవచ్చు.

మీ మడి పాత ఇంటి గోడను ఆనుకుని ఉందా? పాత రంగుల్లో సీసం ఉండేది, అది పెచ్చులూడి మట్టిలో కలిసి ఉండవచ్చు. అనుమానం ఉంటే మట్టి పరీక్ష చేయించాకే ఆకుకూరలు, దుంపలు వేయండి, లేదా వేరే మట్టితో ఎత్తు మడి కట్టుకోండి. వచ్చే ఏడాది వంగ వేసిన చోట మళ్లీ వంగ, టమాటా, మిరప, బంగాళదుంప ఏదీ వేయకండి. ఇవన్నీ ఒకే కుటుంబం, ఒకరి తెగులు ఇంకొకరికి వస్తుంది. అక్కడ చిక్కుడు జాతి వేయండి.

ఇక ఈ వారమే చేయాల్సిన పని టమాటాను బయటికి మార్చడం. కిటికీ నీడకు అలవాటు పడ్డ మొక్కను ఒక్కసారే ఎండలో పెడితే ఆకులు తెల్లగా మాడిపోతాయి. మొదటి రోజు గంట సేపు నీడలో ఉంచి లోపలికి తెచ్చేయండి. రోజు రోజుకీ సమయం పెంచుతూ, ముందు ఉదయపు ఎండ, తర్వాత మధ్యాహ్నపు ఎండ అలవాటు చేయండి. వారం పది రోజులకు రాత్రి కూడా బయటే ఉంచగలుగుతారు. అప్పుడు ఒక సాయంత్రం వేళ, వంగ వేసిన చోటికి దూరంగా, కింది ఆకులు తుంచేసి సాగిపోయిన కాండంలో చాలా భాగం మట్టిలోకి పోయేలా లోతుగా నాటండి. టమాటాలో పూడిన కాండం నుంచి కూడా కొత్త వేర్లు వస్తాయి, కాబట్టి ఇన్నాళ్లూ సాగిన పొడవు వృథా పోదు. పక్కనే ఊతకర్ర పాతి, నీళ్లు పట్టి, మొదలు చుట్టూ ఎండుటాకులు పరవండి.